టాస్క్ మేనేజర్ చూపని నిరీక్షణ: చీమకుర్తి గ్రానైట్ యూనిట్‌లో వర్చువల్ మెషీన్ల ప్రాసెసర్ లెక్కలు

ప్రకాశం జిల్లా చీమకుర్తి పరిసరాల్లో బ్లాక్ గెలాక్సీ గ్రానైట్‌ను స్లాబులుగా కోసి, పాలిష్ చేసి ఎగుమతి చేసే ఒక యూనిట్ తన కంప్యూటర్ పనులన్నిటినీ ఒకే సర్వర్ మీద నడుపుతోంది. ఎనిమిది కోర్లు, పదహారు థ్రెడ్లు (ఒక్కో కోర్ రెండు ప్రాసెసర్లుగా కనిపిస్తుంది) ఉన్న ఆ సర్వర్‌లో లైనక్స్, దాని మీద వర్చువల్ మెషీన్లను, అంటే సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన విడివిడి కంప్యూటర్లను నడిపే కేవీఎం, వాటి నిర్వహణకు లిబ్‌వర్ట్ ఉన్నాయి. నడుస్తున్న వర్చువల్ మెషీన్లు ఐదు. నాలుగు వీసీపీయూలు (మెషీన్‌కు కేటాయించిన వర్చువల్ ప్రాసెసర్లు) ఉన్న విండోస్ మెషీన్‌లో అకౌంట్స్, పన్నెండు వీసీపీయూలున్న మెషీన్‌లో యార్డు కెమెరాల రికార్డింగ్, ఎనిమిది వీసీపీయూలున్న లైనక్స్ మెషీన్‌లో స్లాబుల ఫోటోలను అతికించి కొలతలు వేసే ప్రోగ్రామ్ ఉన్నాయి. మిగిలిన రెండు చిన్నవి, ఒకటి ఫైళ్లకు, ఇంకొకటి హాజరుకు.

ఫిర్యాదు అకౌంట్స్ మెషీన్ గురించి వచ్చింది. చెన్నై పోర్టుకు వెళ్లే లోడ్లు ఎక్కువగా సాయంత్రం ఆరు తర్వాత బయలుదేరతాయి. సరకు విలువ యాభై వేల రూపాయలు దాటితే ఈ-వే బిల్లు లేకుండా బండి కదలకూడదు కనుక, ఇన్వాయిస్‌లన్నీ ఆరు నుంచి ఎనిమిది వరకు ఆ రెండు గంటల్లోనే తయారు కావాలి. సరిగ్గా అప్పుడే స్క్రీన్ ఆగిపోతోంది. "బిల్లు కొట్టబోతే గుండ్రం తిరగతా ఉంటది సార్, బండేమో గేటు కాడ నిలబడి ఉంటది" అని అక్కడి అకౌంటెంట్ చెప్పిన మాటలో సమస్య మొత్తం ఉంది. అయితే అది ఎప్పుడూ ఉండదు, రెండు మూడు నిమిషాలు పట్టి పీడించి వదిలేస్తుంది.

నన్ను పిలిచేనాటికి రెండు అభిప్రాయాలు పోటీ పడుతున్నాయి. అకౌంట్స్ మెషీన్‌లోని టాస్క్ మేనేజర్ ఆ సమయంలో ప్రాసెసర్ వాడకం అరవై శాతానికి అటూ ఇటూగా చూపుతోంది కనుక, సాఫ్ట్‌వేర్‌లోనే ఏదో లోపం ఉందని ఒకరు అన్నారు. హోస్ట్ (ఈ మెషీన్లన్నిటినీ మోసే అసలు సర్వర్) గంట సగటు కూడా దాదాపు అరవై శాతమే ఉన్నా, సర్వర్ పాతబడిందని, కొత్త సర్వర్ కొనడమే మార్గమని ఇంకొకరు కొటేషన్ కూడా పంపారు. ఇద్దరూ శాతాలనే చూశారు, ఆ శాతాలు ఎవరి గడియారం ప్రకారం లెక్కించినవో ఎవరూ అడగలేదు. వర్చువల్ మెషీన్ లోపలి నుంచి చూసిన ప్రాసెసర్ వాడకాన్ని ఒంటరిగా నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోకూడదన్నది నా అభిప్రాయం. అది ఎందుకో ఈ కేసులోని అంకెలే చూపుతాయి.

ఏం చదవాలి, ఎలా చదవాలి

లెక్కలు సేకరించడానికి లిబ్‌వర్ట్ ఏపీఐని (ఇతర ప్రోగ్రాములు దాన్ని నేరుగా పిలిచే మార్గం) పైథాన్ ద్వారా వాడాను. కమాండ్ లైన్‌లో లిబ్‌వర్ట్ కమాండ్ విర్ష్ డొమ్‌స్టాట్స్ ఇచ్చే సమాచారమే ఇక్కడా వస్తుంది. అయితే పది సెకన్లకొకసారి చదివి, తేడాలు తీసి, ఫైల్‌లో రాయాలంటే కమాండ్ ముద్రించిన అక్షరాలను విడదీసుకుంటూ కూర్చోవడం కన్నా ఏపీఐ నేరుగా ఇచ్చే అంకెలు తీసుకోవడం మేలు. కనెక్షన్‌ను రీడ్‌ఓన్లీగా తెరిచాను. గణాంకాలు చదవడానికి అంతకు మించిన అధికారం అవసరం లేదు. రాత్రింబవళ్లు నడిచే స్క్రిప్ట్ చేతిలో మెషీన్లను ఆపగలిగే అధికారం పెట్టడం మంచిది కాదు.

గెట్‌ఆల్‌డొమైన్‌స్టాట్స్ అనే ఒక్క పిలుపుతో అన్ని మెషీన్ల లెక్కలూ ఒకేసారి వస్తాయి. అందులో సీపీయూ మొత్తం, వీసీపీయూ అనే రెండు విభాగాలు మాత్రమే అడిగాను. దానికి నోవెయిట్ అనే ఫ్లాగ్ ఉంది. ఏదైనా మెషీన్ బ్యాకప్ వంటి పనిలో ఇరుక్కుని ఉంటే, ఆ ఫ్లాగ్ లేనప్పుడు మన పిలుపు కూడా దానితోపాటు ఆగిపోతుంది. ఫ్లాగ్ ఉంటే ఆ మెషీన్‌కు సంబంధించి దొరికినంత సమాచారం మాత్రమే ఇచ్చి ముందుకు సాగుతుంది. ఒక మెషీన్ చిక్కుల్లో ఉన్నప్పుడే మిగిలినవాటి లెక్కలు మనకు ఎక్కువ అవసరం కనుక, ఈ ఫ్లాగ్ లేకుండా సేకరణ స్క్రిప్ట్ రాయకూడదు.

వచ్చే అంకెల స్వభావం గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే తొలిసారి చూసేవారు తడబడేది ఇక్కడే. సీపీయూ.టైమ్ అనేది శాతం కాదు. ఆ మెషీన్ మొదలైనప్పటి నుంచి హోస్ట్ ప్రాసెసర్ల మీద ఖర్చు చేసిన మొత్తం కాలం, నానోసెకన్లలో. కరెంటు మీటరులాగే అది ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుంది, మనకు కావలసింది రెండు రీడింగుల తేడా. ఆ తేడాను రెండు రీడింగుల మధ్య గడిచిన కాలంతో భాగిస్తే ఎన్ని ప్రాసెసర్లకు సమానమైన పని జరిగిందో వస్తుంది. పది సెకన్లలో అది 24,00,00,00,000 నానోసెకన్లు పెరిగిందంటే 24 సెకన్ల ప్రాసెసర్ కాలం, అంటే 240 శాతం. ఆ మెషీన్‌కు నాలుగు వీసీపీయూలుంటే వాడకం అరవై శాతం అన్నమాట. గడిచిన కాలాన్ని గోడ గడియారంతో కాకుండా, ఎప్పుడూ ముందుకే సాగే మోనోటోనిక్ గడియారంతో కొలవాలి. టైమ్ సర్వర్ మధ్యలో గడియారాన్ని సవరించిందంటే శాతాలు అర్థం లేకుండా ఎగిరిపడతాయి.

ఇంకొక జాగ్రత్త ఉంది. మెషీన్‌ను ఆపి మళ్లీ ప్రారంభిస్తే ఈ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. లోపలి నుంచి చేసే మామూలు రీస్టార్ట్‌లో, హోస్ట్ మీద ఆ మెషీన్‌ను నడిపే క్యూఎము ప్రాసెస్ సాధారణంగా మారదు కనుక లెక్క కొనసాగుతుంది. వేరే హోస్ట్‌కు మైగ్రేట్ చేస్తే అక్కడ కొత్త ప్రాసెస్, కొత్త లెక్క. తేడా రుణాత్మకంగా వస్తే పారేయాలని అందరికీ తెలుసు. కానీ రీడింగుల మధ్య విరామం ఎక్కువైతే కొత్త లెక్క పాత లెక్కను దాటిపోయి, తేడా ధనాత్మకంగానే కనిపించే ప్రమాదం ఉంది. అందుకని మెషీన్ శాశ్వత గుర్తింపు అయిన యూయూఐడీతో పాటు డొమైన్ (లిబ్‌వర్ట్ భాషలో వర్చువల్ మెషీన్) ఐడీని కూడా దాచుకున్నాను. యూయూఐడీ మారదు, ఐడీ ప్రతి ప్రారంభానికీ మారుతుంది. హోస్టే రీబూట్ అయితే మాత్రం ఐడీలు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి కనుక, పాత రీడింగులను డిస్క్ మీద దాచుకునే స్క్రిప్ట్‌లు ప్రతి బూట్‌కూ మారే హోస్ట్ బూట్ ఐడీని కూడా పోల్చాలి. కరెంటు పోయి, జనరేటర్ అందుకునేలోపు యూపీఎస్ చేతులెత్తేసిన రోజులు ఆ యార్డులో ఉన్నాయి కనుక ఈ ఏర్పాటు వృథా పోలేదు.

విరామంగా పది సెకన్లను ఎంచుకున్నాను. ఒక సెకను పెట్టుకుంటే అంకెలు అనవసరంగా ఎగుడుదిగుడుగా వస్తాయి. ఐదు నిమిషాలు పెట్టుకుంటే రెండు నిమిషాల బాధ సగటులో కరిగిపోతుంది. గంట సగటు చూసి హోస్ట్ ఖాళీగా ఉందనుకోవడం అలాంటి కరిగిపోవడమే.

సాయంత్రం అంకెలు

ఆరు నుంచి ఎనిమిది మధ్య, స్క్రీన్ ఆగిన క్షణాలకు చెందిన రీడింగులను విడిగా తీసి చూస్తే అకౌంట్స్ మెషీన్ లెక్క ఒకే ధోరణిలో కనిపించింది. పది సెకన్ల విరామంలో నాలుగు వీసీపీయూల టైమ్ విలువలు కలిపి సుమారు 14 సెకన్లు పెరుగుతున్నాయి. నాలుగు వీసీపీయూలకు పది సెకన్లలో గరిష్ఠంగా దొరకగలిగేది 40 సెకన్లు కనుక ఇది 35 శాతం. టాస్క్ మేనేజర్ చూపేది అరవైకి దగ్గర. ఒకే మెషీన్, ఒకే క్షణం, రెండు అంకెలు.

ఈ తేడాకు జవాబు వీసీపీయూ విభాగంలోనే ఉన్న డిలే అనే విలువలో దొరికింది. వీసీపీయూ అంటే హోస్ట్ దృష్టిలో ఒక మామూలు ప్రోగ్రామ్ థ్రెడ్, ప్రాసెసర్ థ్రెడ్ కాదు. అది పరిగెత్తడానికి సిద్ధంగా ఉండి, ఏ ప్రాసెసరూ ఖాళీ లేక హోస్ట్ షెడ్యూలర్ వరుసలో నిలబడిన కాలాన్ని డిలే నానోసెకన్లలో కూడబెడుతుంది. పనిలేక నిద్రపోయిన కాలం ఇందులో చేరదు, కాబట్టి ఇది పెరుగుతోందంటే పని ఉండీ ప్రాసెసర్ దొరకలేదనే అర్థం. అకౌంట్స్ మెషీన్‌లో నాలుగు వీసీపీయూల డిలే కలిపి పది సెకన్లకు సుమారు 9 సెకన్లు పెరుగుతోంది. నడిచిన 14, నిలబడిన 9 కలిపితే 23, నలభైలో అది దాదాపు 58 శాతం. టాస్క్ మేనేజర్ అంకె అదే. విండోస్ గెస్ట్‌కు, అంటే మెషీన్ లోపల నడిచే విండోస్‌కు, తనను హోస్ట్ పక్కన నిలబెట్టిన సంగతి తెలియదు. ఆ కాలమంతా తన ప్రోగ్రామే నడిచిందనుకుని వాడకంలో కలిపేసుకుంటుంది. లైనక్స్ గెస్ట్ అయితే కేవీఎం ఈ సమాచారాన్ని లోపలికి అందిస్తుంది, టాప్ కమాండ్‌లో ఎస్‌టీ అనే గడిలో స్టీల్ టైమ్‌గా కనిపిస్తుంది.

నేను నివేదికలో ప్రధానంగా రాసే అంకె ఇదే: నిలబడిన కాలాన్ని, నడిచిన కాలం నిలబడిన కాలం మొత్తంతో భాగించగా వచ్చే నిష్పత్తి. ఇక్కడ 9ని 23తో భాగిస్తే 39 శాతం వస్తుంది. ప్రాసెసర్ కావలసిన ప్రతి పది క్షణాల్లో దాదాపు నాలుగు క్షణాలు వరుసలోనే గడిచాయి. వాడకం శాతం ఎంత తక్కువగా ఉన్నా ఈ నిష్పత్తి ఎక్కువగా ఉంటే వాడేవారికి మెషీన్ నెమ్మదిగానే అనిపిస్తుంది. వాడకం తొంభై దాటినా ఇది సున్నాకు దగ్గరగా ఉంటే హోస్ట్‌ను తప్పుపట్టడానికి ఏమీ లేదు.

పాత లిబ్‌వర్ట్ ఉన్న చోట డిలే విలువ రాదు. అప్పుడు క్యూఎము ప్రాసెస్‌లో సీపీయూ 0/కేవీఎం, సీపీయూ 1/కేవీఎం అనే పేర్లున్న థ్రెడ్లను పట్టుకుని, ప్రాక్ అనే లైనక్స్ ఫోల్డర్ కింద వాటి షెడ్‌స్టాట్ ఫైల్‌లో రెండో అంకె చదువుకోవచ్చు. మొదటి అంకె నడిచిన కాలం, రెండోది వరుసలో నిలబడిన కాలం, మూడోది ఎన్నిసార్లు అవకాశం వచ్చిందో ఆ సంఖ్య.

ఇక వరుసలో ముందున్నదెవరన్నది తేలాలి. అవే విరామాల్లో కెమెరా మెషీన్ పది సెకన్లకు 62 సెకన్ల దాకా, ఫోటోల మెషీన్ 72 సెకన్ల దాకా తీసుకుంటున్నాయి. అకౌంట్స్ మెషీన్ మొత్తం 17, చిన్నవి రెండూ కలిపి 4. పదహారు థ్రెడ్లకు పది సెకన్లలో ఉన్నది 160 సెకన్లు, ఖర్చయింది 155. పైగా పదహారు థ్రెడ్లంటే పదహారు కోర్లు కాదు. ఒకే కోర్‌ను పంచుకునే రెండు థ్రెడ్లూ పనిలో ఉన్నప్పుడు ఒక్కొక్కటి ఒంటరిగా చేయగలిగినంత పని చేయలేదు, కానీ సీపీయూ.టైమ్ మాత్రం రెండింటికీ పూర్తి కాలమే రాస్తుంది. అంటే ఈ లెక్క కాలాన్ని కొలుస్తుంది, జరిగిన పనిని కాదు. సగం నిండిందని కనిపించే హోస్ట్‌లో నిజంగా మిగిలిన శక్తి సగం కన్నా తక్కువే ఉంటుందని సర్వర్ సామర్థ్యం అంచనా వేసేవారు గుర్తుంచుకోవాలి.

సాయంత్రమే ఇలా జరగడానికి రెండు కారణాలు కలిశాయి. పగలు తీసిన స్లాబుల ఫోటోలను విదేశీ కొనుగోలుదారులకు పంపడానికి, ఒక్కొక్క బ్లాక్ స్లాబులను ఒక బ్యాచ్‌గా సాయంత్రమే అతికిస్తారు. ప్రతి బ్యాచ్ రెండు మూడు నిమిషాలు ఎనిమిది వీసీపీయూలనూ తినేస్తుంది. చీకటి పడగానే కెమెరాలు నైట్ మోడ్‌లోకి మారతాయి. తక్కువ వెలుతురులో చిత్రంలో గరుకుదనం పెరిగి వీడియో బిట్‌రేటూ పెరుగుతుంది, ఆ గరుకుదనాన్నే కదలికగా భ్రమించి మోషన్ డిటెక్షన్ పదేపదే మేల్కొంటుంది. ఆ విశ్లేషణంతా గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్ మీదే జరుగుతోంది.

అయినా ఒక సందేహం మిగిలింది. కంట్రోల్ గ్రూపుల (సీగ్రూప్, ప్రాసెసర్ కాలాన్ని మెషీన్ల మధ్య పంచే లైనక్స్ ఏర్పాటు) వాటాలు సమానంగా ఉంటే, నాలుగు వీసీపీయూలున్న మెషీన్ ఇంత నష్టపోకూడదు. షెడ్యూలర్ ముందు మెషీన్ మెషీన్‌కూ వాటా పంచి, తర్వాత వాటి లోపలి థ్రెడ్లకు పంచుతుంది కనుక తక్కువ వీసీపీయూలున్న మెషీన్‌కు థ్రెడ్‌కు వచ్చే వాటా ఎక్కువే ఉండాలి. ఏపీఐలోని గెట్‌సీపీయూస్టాట్స్‌ను మొత్తం కాకుండా హోస్ట్ ప్రాసెసర్ల వారీగా అడిగితే పదహారు విలువలు వచ్చాయి. అకౌంట్స్ మెషీన్‌కు వాటిలో మొదటి నాలుగే చురుగ్గా పెరుగుతున్నాయి, మిగిలినవి నామమాత్రం. ఈ విభజన సీగ్రూప్ మొదటి వెర్షన్ నడుస్తున్న హోస్ట్‌లోనే ఆశించాలి. రెండో వెర్షన్‌లో ప్రాసెసర్ల వారీ ఫైలే లేదు, అక్కడ వీసీపీయూస్ ఫంక్షన్ ఇచ్చే ప్రస్తుత ప్రాసెసర్ సంఖ్యను పదేపదే చూసుకోవాలి.

వీసీపీయూపిన్‌ఇన్ఫో అడిగితే విషయం తేటపడింది. మొదట అమర్చినవారు అకౌంట్స్ వీసీపీయూలను నాలుగు హోస్ట్ ప్రాసెసర్లకు కట్టేశారు, అంటే పిన్ చేశారు. ఆ నాలుగూ దానికి రిజర్వ్ అయినట్టేనని వారి ఉద్దేశం కావచ్చు. కానీ పిన్ చేయడం వల్ల ఈ మెషీన్ బయటికి వెళ్లలేదే తప్ప, మిగతా మెషీన్లు లోపలికి రాకుండా ఆగవు. పైగా షెడ్యూలర్ పారామీటర్స్ చదివితే కెమెరా మెషీన్‌కు సీపీయూ షేర్లు (పోటీలో ఎవరికెంత వాటా అని చెప్పే అంకె) 4096 అని ఉంది, మిగిలిన అన్నిటికీ ఎప్పటి 1024. ఫ్రేములు పోకూడదన్న జాగ్రత్తతో పెట్టినట్టుంది. కెమెరా మెషీన్ పన్నెండు థ్రెడ్లకూ ఆ 4096 పంచితే ఒక్కో థ్రెడ్‌కు 341, అకౌంట్స్ నాలుగు థ్రెడ్లకు 1024 పంచితే 256. ఒకే ప్రాసెసర్ మీద రెండూ తలపడిన ప్రతిసారీ బిల్లే వెనకబడుతుంది, పక్క ప్రాసెసర్ కాసేపు ఖాళీ అయినా అక్కడికి వెళ్లే దారి లేదు.

ఇంకొక చిన్న విషయం అదే రీడింగుల్లో బయటపడింది. అకౌంట్స్ మెషీన్ సీపీయూ.టైమ్ 17 సెకన్లు, వీసీపీయూల మొత్తం 14. మిగిలిన 3 సెకన్లు గెస్ట్ లోపలి పనికి కాక, దానికి డిస్కూ నెట్‌వర్క్ కార్డూ ఉన్నట్టు నటించే క్యూఎము ఇతర థ్రెడ్లకు ఖర్చవుతున్నాయి. కాన్ఫిగరేషన్ చూస్తే డిస్క్ సాటా ఎమ్యులేషన్‌తో (అనుకరణతో), నెట్‌వర్క్ ఈ1000 అనే కార్డు అనుకరణతో నడుస్తున్నాయి. ఈ నటన భారాన్ని తగ్గించడానికి వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన వర్ట్‌ఐఓ డ్రైవర్లను విండోస్‌లో ఎవరూ వేయలేదు. ఈ తేడాను చూసే అలవాటు చాలామందికి ఉండదు, ఎందుకంటే చాలా పనిముట్లు సీపీయూ.టైమ్ ఒక్కటే చూపించి ఊరుకుంటాయి.

చేసిన మార్పులు, వచ్చిన ఫలితం

అకౌంట్స్ మెషీన్ పిన్నింగ్ తీసేశాం. కెమెరా మెషీన్ షేర్లను 1024కు తగ్గించి, అకౌంట్స్‌కు 2048 ఇచ్చాం. కోటా, అంటే ప్రాసెసర్ కాలానికి గరిష్ఠ పరిమితి పెట్టి కెమెరా మెషీన్‌ను బిగించే సూచన ఒకటి వచ్చింది కానీ నేను ఒప్పుకోలేదు. కోటా హోస్ట్ ఖాళీగా ఉన్నప్పుడు కూడా అడ్డుపడుతుంది, షేర్లు పోటీ ఉన్నప్పుడు మాత్రమే పనిచేస్తాయి. సీగ్రూప్ రెండో వెర్షన్ ఉన్న హోస్ట్‌లో ఇవే అంకెలను గుడ్డిగా రాయకూడదు. అక్కడ మామూలు విలువ 1024 కాదు, 100. పరిధి 1 నుంచి 10,000 వరకు.

కెమెరా మెషీన్ వీసీపీయూలను పన్నెండు నుంచి ఎనిమిదికి, ఫోటోల మెషీన్‌వి ఎనిమిది నుంచి ఆరుకు తగ్గించాం. ఇక్కడ యజమాని నుంచి కొంత ప్రతిఘటన వచ్చింది. ఉన్నవి తగ్గిస్తే పని ఎలా పెరుగుతుందన్నది సహజమైన ప్రశ్న. గెస్ట్ లోపల ఒక వీసీపీయూ స్పిన్‌లాక్ (ఒకసారికి ఒక్కరే వాడాల్సిన డేటాకు వేసే తాళం) పట్టుకుని ఉండగా హోస్ట్ దాన్ని పక్కన పెడితే, ఆ తాళం కోసం మిగిలిన వీసీపీయూలు ప్రాసెసర్‌ను తింటూ ఉత్తినే తిరుగుతాయి. హోస్ట్ మీద రద్దీ ఎంత పెరిగితే ఈ వృథా అంత పెరుగుతుంది. ఈ మాటలకన్నా, ఫోటోల మెషీన్‌లో ఒకే బ్యాచ్‌ను రెండు అమరికల్లోనూ నడిపి, పూర్తయిన సమయంలో చెప్పుకోదగ్గ తేడా లేదని చూపించడమే ఆయనను ఒప్పించింది. మోషన్ డిటెక్షన్‌ను కెమెరాల్లోనే ఉన్న విశ్లేషణకు మార్చిన తర్వాత రికార్డింగ్ మెషీన్ భారం ఇంకా తగ్గింది. ఫ్రేములు పోయిన జాడ రికార్డింగ్ లాగ్‌లో లేదు. ఫోటోల బ్యాచ్‌ను లోడ్లు వెళ్లిపోయాక మొదలుపెట్టమన్నాం. కొనుగోలుదారులకు ఫోటోలు అదే రాత్రి వెళ్తున్నాయి కనుక దానికి అభ్యంతరం రాలేదు. విండోస్‌లో వర్ట్‌ఐఓ డ్రైవర్లు వేయడం ఒక ఆదివారం పని.

తర్వాతి వారాల్లో అవే గంటల రీడింగుల్లో అకౌంట్స్ మెషీన్ నిరీక్షణ నిష్పత్తి నాలుగు శాతం దాటలేదు. క్యూఎము అదనపు ఖర్చు మూడు సెకన్ల నుంచి ఒక సెకను దగ్గరికి దిగింది. టాస్క్ మేనేజర్ వాడకం ఇప్పుడు ఏపీఐ లెక్కతో దాదాపు సరిపోలుతోంది. సర్వర్ కొటేషన్‌ను పక్కన పెట్టేశారు.

కేవీఎం బదులు వీఎంవేర్ వాడే చోట ఇదే ప్రశ్నకు జవాబు వేరే పేరుతో ఉంటుంది. నెల్లూరులో నేను చూసే ఒక కార్యాలయంలో వీఎంవేర్ వారి వీస్పియర్ ఉంది. అక్కడ పెర్ఫార్మెన్స్ మేనేజర్ ద్వారా రెడీ అనే కౌంటర్ అడగాలి. రియల్ టైమ్ విలువ ఇరవై సెకన్ల విరామంలో వరుసలో గడిచిన మిల్లీసెకన్లు, కాబట్టి 20,000తో భాగించి నూటితో గుణిస్తే శాతం వస్తుంది. మెషీన్ మొత్తానికి ఇచ్చిన విలువైతే వీసీపీయూల సంఖ్యతో కూడా భాగించాలి. వాడకం కౌంటర్ శాతంలో నూరో వంతుల్లో వస్తుంది, 7523 అని ఉంటే 75.23 శాతం. రియల్ టైమ్ విలువలు గంటసేపే నిల్వ ఉంటాయి కనుక ఫిర్యాదు వచ్చిన మర్నాడు వెళ్తే ఆ వివరం దొరకదు. ముందే సేకరించే ఏర్పాటు ఉండాలి.

చీమకుర్తి సర్వర్‌లో స్క్రిప్ట్‌ను ఆ తర్వాత సర్వీస్‌గా మార్చి వదిలేశాం. నిర్ణీత వేళలకు పనులు నడిపే క్రాన్‌లో పెట్టలేదు, నిమిషం కన్నా తక్కువ విరామానికి అది తగదు. పది సెకన్ల రీడింగులను రెండు వారాలు ఉంచి, అంతకు పాతవాటిలో ప్రతి ఐదు నిమిషాలకూ సగటుతోపాటు గరిష్ఠ విలువను కూడా దాచుతున్నాం. అకౌంట్స్ మెషీన్ నిష్పత్తి వరుసగా ఆరు రీడింగుల్లో పది శాతం దాటితే, అప్పుడు ఏ మెషీన్ ఎంత ప్రాసెసర్ తీసుకుంటోందో ఆ పట్టికతో సహా వారి ఐటీ చూసుకునే కుర్రాడి ఫోన్‌కు సందేశం వెళ్తుంది.